పడవకు ఎనిమిది బోల్టులు

మా పల్లె సోమేనహళ్ళికి పక్కనే. అక్కడి నుంచి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తిరిగి రావడాన్ని యాత్ర అంటే మా వాళ్ళే నవ్వుతారు. ఆస్పత్రికనీ, పెళ్ళి బట్టలకనీ, పట్టుగూళ్ళు అమ్మడానికనీ జనం రోజూ పోయి వచ్చే ఊళ్ళే అవి. కానీ నేను పోయింది తెరచాప పడవకు బోల్టులు కొనడానికి. ఆ పని మీద ఈ మూడూళ్ళూ తిరిగిన ఆడమనిషి నాకంటే ముందు ఎవరూ ఉండరనుకుంటాను. నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని. అయినా ఎవరు ఏ మాట అన్నారో అన్నీ గుర్తున్నాయి కాబట్టి, పోనివాళ్ళ కోసం రాస్తున్నాను.

తల ఊడిన బోల్టు

మా ఆయన మంగళూరు వైపు సముద్రం పక్కన ఒక పడవల క్లబ్బులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. పడవలు కడగడం, చిరిగిన తెరచాపలు కుట్టడం, అయ్యగార్లు నీళ్ళలోకి పోయేటప్పుడు తాడు పట్టుకుని నిలబడడం ఆయన పని. ఒక్కరోజైనా చుక్కాని ఆయన చేతికి ఇవ్వలేదు. క్లబ్బు మూతపడిన రోజు, మూలన పడి ఉన్న చిన్న పడవను చూపించి "నువ్వు తీసుకుపో వెంకటరాయప్పా" అన్నారట. అది లారీ మీద మా ఇంటికి వచ్చింది. రెండు సన్నటి దోనెలు, వాటిని కలుపుతూ రెండు అడ్డ గొట్టాలు, మధ్యలో కూర్చోవడానికి బిగించిన గుడ్డ. ఆయన దాన్ని కాటమరాన్ అంటాడు. మా కోళ్ళు నాలుగేళ్ళు ఆ గుడ్డ మీదే గుడ్లు పెట్టాయి.

ఈ ఏడు వానలకు మా చెరువు కట్ట దాకా నిండింది. సోమవారం తూము ఎత్తి పొలాలకు నీళ్ళు వదలాలని ఊరి పెద్దలు నిర్ణయించారు. "అయితే ఆదివారం నేను నీళ్ళలోకి పోతాండా" అన్నాడు మా ఆయన. దోనెల్నీ గొట్టాల్నీ కలిపి పట్టుకునేవి ఎనిమిది బోల్టులు. బుధవారం ఒకదానికి స్పానరు పెట్టి తిప్పగానే, దాని తల తెగి ఆయన చేతిలోకి వచ్చింది. ఎండిన కొమ్మ విరిగినంత చప్పుడైనా కాలేదు. 

"ఇంగా ఏడు ఉండాయి కదే" అన్నాడు.

"నీళ్ళ నడిమధ్యన ఇంగో రెండు తెగితే?"

"ఈదుకుంటా వస్తా."

"ఆ మోకాలితోనా?"

ఆ మోకాలిని ఉగాది ముందర మా గేదె తన్నింది. కట్టె ఆనించుకుని వాకిలి దాకా నడుస్తాడు కానీ బస్సెక్కలేడు. ఆయన ఆగడు, నేను ఆపలేను. ఇక నా చేతిలో ఉన్నది కొత్త బోల్టులు తేవడం ఒక్కటే. క్లబ్బులో మొదట తుప్పు పట్టని స్టీలువి ఉండేవట. ఎవరో ఎప్పుడో మామూలు ఇనుపవి వేసేశారట.

తుప్పు ముద్దలను అంగట్లో చూపించడం నాకు సిగ్గనిపించింది. ఇత్తడి చెంబులు తోమినట్టే, ఏడు బోల్టులనూ చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి నానబెట్టాను. శుక్రవారం పొద్దునకు అవి పెళ్ళికూతురి మెట్టెల్లా మెరుస్తున్నాయి. రెండు బోల్టులు సంచిలో వేసుకుని, నానబెట్టకుండా నూనె గుడ్డలో ఉంచిన పాత నట్టు ఒకటి కొంగున ముడేసుకుని బయలుదేరాను. మిగతా ఐదూ చింతపండు గిన్నెలోనే ఉన్నాయి.

పేరేసంద్ర ఆటోలో

పేరేసంద్ర దాకా ఆటోలో చామంతి పూల మూటల మధ్య కూర్చున్నాను. పూలు తీసుకుపోయే ఆమె నా సంచిలో గలగల విని అడిగింది.

"ఏముండాయమ్మా అందులో?"

"బోల్టులు."

"ట్రాక్టరుకా?"

"పడవకు."

ఆమె నా ముఖం ఒకసారి చూసి, పూల మూట కొంచెం తనవైపు లాక్కుంది. దిగేటప్పుడు మాత్రం "జాగ్రత్తగా పోయిరామ్మా, ఇంట్లో చెప్పే వచ్చినావు కదా?" అని ఒక చామంతి నా చేతిలో పెట్టింది.

చిక్కబళ్ళాపురం: బోరాయన చెప్పిన మాట

బజారులో మూడో ఇనుప సామాన్ల అంగట్లో "ఏన్ బేకమ్మా?" అని, ఏం కావాలని కన్నడంలో పలకరించాడు సన్న మీసాలాయన. నేను బోల్టు చూపించగానే తెలుగులోకి మారిపోయాడు. అక్కడ అందరూ అంతే, కొనేవాళ్ళ ముఖం చూసి భాష మారుస్తారు. ఒక కొత్త నట్టు తీసి నా బోల్టుకు ఎక్కించాడు. అది సర్రున ఎక్కింది. "ఎనిమిది మిల్లీ" అని, ఎనిమిది బోల్టులు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంత సులువా అని నా గుండె తేలికపడింది.

ఆ సంతోషంతో పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా ఇండ్లలో వేరుశనగ చట్నీ నూరుతాం. అక్కడ పుట్నాలతో, పల్చగా. కాఫీ పదిహేను రూపాయలు, గ్లాసు మాత్రం అరచేతిలో దాగిపోయేంత. టేబుల్ మీద బోల్టులు పరిచి లెక్క చూసుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి కడుక్కుని వచ్చి ఒకటి పట్టుకున్నాడు. ఆయన చొక్కా నిండా గ్రీసు. బోరు బావుల్లోకి మోటర్లు దించుతాడట.

"యాడ వేస్తారమ్మా ఇవి?"

"పడవకప్పా. నీళ్ళలో ఉంటాది."

ఆయన నవ్వలేదు. నాకు అదే భయమేసింది. తాళాల గుత్తికి ఉన్న చిన్న అయస్కాంతం తాకిస్తే కొత్త బోల్టు టక్కున అతుక్కుంది. "ఇనుమే. పైన తెల్ల పూత వేసినారు, అంతే. మేము బోరులో ఇవి వెయ్యం." తర్వాత నా మెరిసే బోల్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేమమ్మా, ఇంత తెల్లగా ఉండాది?"

చింతపండు సంగతి గొప్పగానే చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"తుప్పు పోయింది సరే. దాని వెంబడే త్రెడ్డు కూడా పోయింది కదమ్మా! సన్నబడిన బోల్టుకు ఏ నట్టయినా ఎక్కుతాది. దీని పాత నట్టు ఉండాదా?"

కొంగు ముడి విప్పి ఇచ్చాను. ఆ నట్టును కొత్త బోల్టుకు పెట్టి తిప్పాడు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. త్రెడ్డు అంటే బోల్టు చుట్టూ తిరిగే గీతలు. కొత్త బోల్టు మీద అవి దగ్గర దగ్గరగా, పాతదాని మీద కొంచెం ఎడంగా ఉన్నాయి. అది ఆయన గోరుతో చూపిస్తే గానీ నా కంటికి ఆనలేదు.

"ఇది అంగుళం లెక్క. పాత ట్రాక్టర్లకు ఉంటాది. నా దగ్గర స్టీలువి ఉండాయి గానీ అన్నీ మిల్లీ లెక్కే. బాగేపల్లిలో పాత ట్రాక్టరు సామాన్ల అంగడి ఉండాది, ఆడికి పొండి. అమ్మా, ఇట్ల మెరిసేవి ఇంట్లో ఇంగా ఉండాయా?"

"ఐదు."

"వాటిని మాత్రం ఎవరినీ బిగించనియ్యొద్దు."

వెంటనే ఫోన్ చేశాను. నేను నోరు తెరిచే లోపలే మా ఆయన అందుకున్నాడు.

"ఏమే, గిన్నెలో బోల్టులు చూస్తి! కొత్తవాటిని మించిపొయినాయి. నట్టు వేలితో తిప్పితే తిరుగుతాండాది. ఇంగ కొనడం ఎందుకు, వచ్చేయ్."

"అట్ల తిరగకూడదంట! సన్నబడినాయి, పెట్టొద్దు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"బోరాయన."

"బోరాయనకు పడవ సంగతి ఏం తెలుసు? ఆదివారం లోపల నువ్వు తెస్తే సరి, లేకపోతే ఇవే పెడతా."

తుప్పు పట్టి ఉన్నప్పుడు ఆ బోల్టులంటే ఆయనకు కొంచెమైనా భయం ఉండేది. ఆ భయాన్ని కూడా నేనే తోమి పారేశాను. అంగడికి తిరిగి పోతే, సన్న మీసాలాయన బోల్టులు వెనక్కి తీసుకుంటూ "పడవ అని ముందే చెప్పుంటే నేనే వద్దంటా ఉంటి కదమ్మా" అన్నాడు. నిజమే, చెప్పలేదు.

బాగేపల్లి బస్సు పేరేసంద్రలో ఆగింది. అక్కడ దిగితే గంటలో మా ఇల్లు. కిటికీలోంచి మా ఊరి ఆటో కూడా కనిపించింది. దిగి పోయి ఆ గిన్నెను బావిలో పారేద్దామా అనుకున్నాను. పారేస్తే ఇంటి ముందరి కంచె తీగతోనైనా పడవను కట్టుకుపోయే మనిషి ఆయన. బస్సు కదిలేదాకా ముందు సీటు కడ్డీని పట్టుకుని కూర్చున్నాను.

బాగేపల్లి: శెట్టిగారి కోడలు

బాగేపల్లిలో మా చిన్నమ్మ కూతురు రుక్మిణి ఉంది. నేను చేరేసరికి ట్రాక్టరు అంగడి మూసేశారు, ఎవరిదో పెళ్ళట. ఆ పూట రుక్మిణి రాగి సంగటి, అవరేకాయల పులుసు, అదే అనపగింజల పులుసు పెట్టింది. మా ఇంట్లో సంగటి ముద్ద గిన్నె నిండుగా చేస్తాం. దానింట్లో నిమ్మకాయంత ముద్దలు. "పట్నం ముద్దలక్కా ఇవి" అని నవ్వింది. నేను నాలుగు మింగాను.

"బావ బోల్టుల కోసం నువ్వు ఊళ్ళు తిరుగుతాండావా? నేనైతే పడవకు నిప్పు పెడుతుంటి."

"నాలుగేళ్ళు దాని పక్కనే మంచం వేసుకుని పండుకున్యాడే. నిప్పెట్ల పెట్టేది?"

రుక్మిణి ఇంకో ముద్ద నా పళ్ళెంలో వేసింది.

శనివారం పొద్దున్నే బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీ తిని అంగడి తెరవకముందే అరుగు మీద కూర్చున్నాను. అక్కడ బోర్డులన్నీ కన్నడం, నోళ్ళన్నీ తెలుగు. అంగడి తెరిచింది దాని యజమాని శెట్టిగారి కోడలు పద్మావతి. చేతిలో పసిబిడ్డ, నడుముకు తాళాలు. పాత నట్టు చూసి, ఏ డబ్బాలో చెయ్యి పెట్టాలో వెతుక్కోకుండా బోల్టు తీసింది. నట్టు మెత్తగా, చివరిదాకా ఎక్కింది. రెండు రోజులలో మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాను.

కానీ అవి నల్ల ఇనుపవి. ఫోన్ చేస్తే మా ఆయన "చాలు, తెచ్చేయ్. ఒక్క ఆదివారం కదా" అన్నాడు.

ఒక్క ఆదివారంతో ఆగే మనిషి అయితే నాకు ఇంత బాధ ఎందుకు? ఆయన మళ్ళీ పోతాడు, మళ్ళీ వాన పడితే మళ్ళీ పోతాడు. ఈ బోల్టులు ఏ రోజు తుప్పు పడతాయో, ఏ రోజు తల తెగుతుందో నేను కట్ట మీద నిలబడి ఎదురు చూస్తూ ఉండాలి. డబ్బులు తీయబోయిన చెయ్యి సంచిలోనే ఆగిపోయింది.

"నీళ్ళలో ఎన్నేళ్ళున్నా తుప్పు పట్టనివి, ఇదే లెక్కవి, యాడ దొరుకుతాయమ్మా?" అని అడిగాను.

పద్మావతి బిడ్డను భుజం మార్చుకుంది. "మా పుట్టిల్లు చింతామణి. మా నాయన పట్టు దారం తీస్తాడు. ఆ తొట్లలో పొద్దస్తమానం వేడి నీళ్ళే కదా. ఇనుప బోల్టు ఉంటే తుప్పు నీళ్ళు దిగి తెల్ల పట్టు మీద ఎర్రగా మరకలు పడతాయి, అంగట్లో ఎవురూ తీసుకోరు. అందుకని అన్నిటికీ స్టీలువే వేస్తారు. ఆ తొట్లు బాగుచేసే బాషా సాబు ఉండాడు. పాత మిషన్లన్నీ అంగుళం లెక్కే అంటాడు." తన అంగట్లో బేరం పోగొట్టుకుని, ఆమె నాకు బస్సు దాకా దారి చెప్పి పంపింది.

చింతామణి: దారంతో చూసిన బోల్టులు

చేలూరు మీదుగా బస్సు పోతున్నంతసేపూ ఆదివారానికి మిగిలిన గంటలు లెక్కపెట్టుకున్నాను. మధ్యలో టమాటా బుట్టలు ఎక్కించడానికి అరగంట ఆపాడు. నేను కిందికి దిగి బుట్టలు అందించాను. "కూలికి వచ్చినావా అవ్వా?" అన్నాడు కండక్టరు. "తొందరకు వచ్చినా నాయనా" అన్నాను.

చింతామణిలో సాబు ఇంటికి వాసనే దారి చూపించింది. ఉడికిన పట్టుగూళ్ళ వాసన కొత్తవాళ్ళకు కడుపులో తిప్పుతుంది. నాకు మాత్రం ఆ రోజు సాంబ్రాణిలా అనిపించింది. బాషా సాబుకు డెబ్బై ఏళ్ళుంటాయి. నా కథ అంతా విని, మెరిసే బోల్టును చూసి చాలాసేపు నవ్వాడు.

"చింతపండులో నానేసినావు సరే తల్లీ, తాలింపు పెట్టలేదా?"

నేనూ నవ్వాను. సాబు మనవరాలిని పిలిచి టీ తెప్పించాడు.

పాత నట్టుకు సరిపోయే స్టీలు బోల్టులు రెండు రకాలు తీశాడు. కొన్ని సరిగ్గా పొడవు సరిపోయేవి, కానీ కింది నుంచి పైదాకా త్రెడ్డే. "ఇవి వద్దు. గొట్టం తగిలే చోట బోల్టు నున్నగా ఉండాల. లేకపోతే ఆ త్రెడ్డే రంపం మాదిరి గొట్టాన్ని కోస్తాది." రెండో రకం సగం దాకా నున్నగా ఉన్నాయి, కానీ వేలెడు ఎక్కువ పొడవు. వాటిని ఒక్కొక్కటిగా కోసి, కోసిన చివర ఆకురాయితో నున్నగా రుద్దాడు. అయస్కాంతం పెట్టాడు, పట్టుకోలేదు. తర్వాత ఒక పట్టు పోగు తీసుకుని ప్రతి బోల్టు తల మీదా, అంచుల మీదా లాగాడు. పోగు తగులుకుని తెగితే ఆ బోల్టు పక్కన పెట్టి మళ్ళీ రుద్దాడు.

"పడవకు ఇది ఎందుకు సాబూ? పట్టు కాదు కదా."

"పడవకు అవసరం లేదమ్మా. నా చేతికి అవసరం. ఇట్ల చూడకుండా యాభై ఏళ్ళలో ఒక్క బోల్టు బయటికి పంపలేదు."

బయట బస్సుల హారన్లు వినిపిస్తూ ఉన్నాయి. నా ప్రాణమంతా వాటి మీదే. అయినా ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను.

నట్లకు లోపల నైలాన్ రింగు ఉంది, వదులు కాకుండా పట్టుకునేందుకు. ఇస్తూ ఒక మాట చెప్పాడు. "స్టీలుకు స్టీలు ఉత్తగా తిప్పితే వేడెక్కి కరుచుకుంటాది. ఒకసారి కరుచుకుంటే ఇంగ ముందుకూ రాదు, వెనక్కూ రాదు. చుక్క ఆముదం వేసి, బిడ్డకు ఉగ్గు పెట్టినట్ల నిదానంగా తిప్పాల."

ఒక్కో జత నలభై రూపాయలు. డబ్బు ఇచ్చాక నా నోరు ఊరుకోలేదు. వంకాయలు కొన్నా, మల్లెలు కొన్నా మనకు అలవాటే కదా.

"కొసరు వెయ్యి సాబూ."

"ఏందీ?"

"కొసరు. ఎనిమిది కొన్నా కదా."

బోల్టులు అమ్మే యాభై ఏళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదట. "వంకాయలా తల్లీ ఇవి, కొసరు వెయ్యడానికి?" అంటూనే, ఇంకో బోల్టు కోసి, రుద్ది, పోగు లాగి చూసి, నట్టుతో సహా నా చేతిలో పెట్టాడు. ఎనిమిదీ సంచిలో వేశాను. కొసరు మాత్రం కొంగున ముడేసుకున్నాను.

చెరువు కట్ట

చివరి బస్సులో ఇల్లు చేరాను. ఆదివారం పొద్దున్నే నలుగురు మగవాళ్ళు పడవను చెరువు ఒడ్డుకు మోసుకొచ్చారు. గాలి లేచింది. మా ఆయన కట్టె పక్కన పారేసి కూర్చుని, చేతులు చాచి బోల్టులు అడిగాడు. సాబు చెప్పిందంతా చెప్పి, "ఆముదం తెస్తా, ముట్టుకోవద్దు" అని ఇంటికి పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి ఆయన చెమటలు తుడుచుకుంటూ తల వంచుకుని ఉన్నాడు. ఆగలేక మొదటిదాన్ని ఉత్తగానే స్పానరుతో గిరగిరా తిప్పాడట. నట్టు సగం దారిలో కరుచుకుంది. ముందుకూ రాలేదు, వెనక్కూ రాలేదు. రంపంతో దాన్ని కోసి పారేసేసరికి ఎండ నెత్తికెక్కింది.

"ఏడు కొత్తవి ఉండాయి కదా" అన్నాడు, నా ముఖం చూడకుండా. "ఎనిమిదోదానికి నువ్వు తోమినది ఒకటి వేస్తా."

ఆ పొద్దుటి దాకా చింతపండులోనే నానిన మెరిసే బోల్టు జేబులోంచి తీసి, దానికి పాత నట్టు పెట్టాడు. తిప్పబోతే, నట్టు తిరగనే లేదు. ఉంగరం జారినట్టు జారి కిందికి పోయింది. ఇంకోసారి పెట్టాడు, మళ్ళీ జారింది. ఆయన తెరచాప వంక చూసి, "మడిచేయండ్రప్పా. మళ్ళీ ఏడు చూద్దాం" అన్నాడు.

నేను కోరుకున్నది అదే మాట. నేను ఊరుకుని ఉంటే చాలు, ఆ పూటకు నా భయం తీరిపోయేది. మళ్ళీ ఏడు వాన వస్తుందో రాదో. ఆ మోకాలు ఉంటుందో ఉండదో. ఆయన స్పానరు గుడ్డలో చుట్టడం చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు తాడు పట్టుకుని నిలబడినప్పుడు కూడా ఈయన ముఖం ఇలాగే ఉండేదేమో.

కొంగు ముడి విప్పాను.

"ఇది యాడిదే?" అన్నాడు.

"కొసరు."

"బోల్టులకు కొసరు అడిగినావా!" అని ఆయన నవ్విన నవ్వుకు కట్ట మీద ఆవులు తలలెత్తి చూశాయి.

"నువ్వు స్పానరు ముట్టుకోవద్దు" అని నేనే కూర్చున్నాను. ఒక్కొక్కదానికీ చుక్క ఆముదం వేసి, ఉగ్గు పెట్టినట్టే తిప్పాను. ఎనిమిదీ బిగించేసరికి నా మణికట్లు వాచాయి. తర్వాత చీర ఎగ్గట్టి, చెరువులో మోకాటి లోతుకు దిగి, పడవ ఎక్కి కూర్చున్నాను. బిగించింది నేను కదా, మునిగితే ఇద్దరమూ మునగాలి. ఆయన వద్దనలేదు. చుక్కాని పట్టుకున్నాడు, ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి.

తెరచాప నిండింది. ఒక దోనె కొంచెం పైకి లేచినప్పుడు గొట్టం కిర్రుమంది, నా గుండె కూడా. అటు గట్టు దాకా పోయి, మళ్ళీ వచ్చాం. ఒడ్డుకు దిగగానే ఊళ్ళో ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. చెరువు నడిమధ్య నుంచి మన ఊరు ఎట్లుండాది, గుడి గోపురం కనిపిస్తాదా, మన ఇండ్లు కనిపిస్తాయా అని అడిగారు.

ఏం చెప్పను? ఊరు ఎట్లా ఉందో ఆయన్ని అడగండి అన్నాను. నేను పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తల ఎత్తలేదు. ఎనిమిది నట్లూ ఎట్లా ఉన్నాయో అడిగితే మాత్రం చెప్తాను. ఒక్కటీ కదల్లేదు.